బైబిలులో భవిష్యద్ జ్ఞానం: వైరుధ్యాలు – కథన ప్రయోజనం

వ్యాస సంగ్రహం

భవిష్యత్తు దేవునికి ముందే తెలుసునని ఉద్ఘాటించే వాక్యాలూ, జరుగుతుందని ప్రకటించినది జరగకుండా పోయిన ఘట్టాలూ బైబిలులో పక్కపక్కనే ఉన్నాయి. వీటిని తత్త్వశాస్త్రం సమన్వయించవలసిన సమస్యగానో, గ్రంథసంకలనంలో మిగిలిపోయిన అసంగతిగానో పరిగణించడం పరిపాటి. 1 సమూయేలు, యోనా, యిర్మీయా, యెషయా గ్రంథాలలోని కొన్ని ఘట్టాలను, మార్కు సువార్త 13, 14 అధ్యాయాలను ఈ వ్యాసం కథనదృష్టితో పరిశీలిస్తుంది. భవిష్యత్తును గురించిన మాట ఈ కథలలో వినేవారి ప్రతిస్పందనను కోరే చర్యగా పనిచేస్తున్నదని, ఆ మాటకూ ఫలితానికీ నడుమ ఉన్న ఎడమే ఈ కథలకు ఆధారమని ప్రతిపాదిస్తుంది. తెలుగు అనువాదంలోని కొన్ని పదాల ఎంపిక ఆ ఎడాన్ని ఎక్కడ మరుగుపరచిందో, ఎక్కడ వెలిగించిందో కూడా చర్చిస్తుంది.

కీలక పదాలు: భవిష్యద్ జ్ఞానం, ప్రవచనం, పశ్చాత్తాపం, యోనా, యిర్మీయా, అనువాదం, ధ్వని.

1. సమస్యా స్వరూపం

దేవుడు ఆదినుంచే అంతాన్ని తెలియజేసేవాడని యెషయా గ్రంథం (46:10) ప్రకటిస్తుంది. ఆదికాండములో అబ్రాహాము కుమారునిపై కత్తి ఎత్తిన తరువాతనే అతని భయభక్తులు తనకు తెలిశాయని దేవుడు తన దూత నోట పలుకుతాడు (22:12). మరణం తప్పదన్న వార్త విన్న హిజ్కియా రాజు కన్నీటితో ప్రార్థించగా, ఆ వార్త తెచ్చిన యెషయా ప్రవక్త రాజప్రాసాదపు నడిమి ఆవరణ దాటకముందే మరో వార్తతో వెనుదిరుగుతాడు. రాజుకు 15 సంవత్సరాల ఆయుష్షు కలిసివస్తుంది (2 రాజులు 20:1–6). నలభై రోజులలో నీనెవె నశిస్తుందని యోనా చాటుతాడు; నగరం నిలుస్తుంది. ప్రవక్త చెప్పినది జరగకపోతే అది దేవుని మాట కాదని ద్వితీయోపదేశకాండము (18:22) ఒక ప్రమాణాన్ని నిర్దేశించింది. ఆ ప్రమాణాన్ని యథాతథంగా వర్తింపజేస్తే యోనా అబద్ధప్రవక్త కావాలి. కాని బైబిలు అతనిని ప్రవక్తగానే నిలిపింది.

ఈ వైరుధ్యాలు ఆధునికులు కొత్తగా కనిపెట్టినవి కావు. గతాన్ని గుర్తుంచుకోవడం గతాన్ని శాసించనట్లే, భావిని ఎరగడం భావిని శాసించదని ఆగస్టీను (354–430) వాదించాడు. బోయెథియసు (6వ శతాబ్ది) దేవునికి భూతభవిష్యత్తులు లేవని, సమస్తకాలమూ ఆయన ఎదుట ఒకే వర్తమానమని సిద్ధాంతీకరించాడు. దేవుడు మనసు మార్చుకున్నాడనే మాటలు మానవుని గ్రహణశక్తికి తగినట్లు తగ్గించి చెప్పినవని కాల్విను (1509–1564) వివరించాడు. స్పెయిను దేశపు జెసూయిటు పండితుడు లూయిస్ దె మొలీనా 1588లో ప్రకటించిన ‘కొంకోర్దియా’లో, జరగబోయేదే కాక ఫలానా పరిస్థితి ఏర్పడితే ఫలానావాడు ఏమి చేస్తాడో కూడా దేవునికి తెలుసునని ప్రతిపాదించాడు. క్లార్క్ పిన్నాక్ మొదలైనవారు 1994లో వెలువరించిన ‘ది ఓపెన్‌నెస్ ఆఫ్ గాడ్’ గ్రంథం, భవిష్యత్తులో కొంతభాగం ఇంకా నిర్ణయం కాలేదని, నిర్ణయం కానిదానిని నిర్ణీతమైనదిగా ఎరగడమనే ప్రశ్నే ఉండదని వాదించింది.

చారిత్రక విమర్శ మరో మార్గం అవలంబించింది. రాబర్ట్ కారల్ 1979లో ‘వెన్ ప్రాఫెసీ ఫెయిల్డ్’ అనే గ్రంథంలో, విశ్వాసానికీ వాస్తవానికీ పొంతన కుదరనప్పుడు మనసు వెదుక్కునే సర్దుబాట్లను గురించి సామాజిక మనోవిజ్ఞానం చెప్పిన సిద్ధాంతాన్ని హీబ్రూ ప్రవక్తలకు అన్వయించాడు. ఈ దృష్టిలో షరతులు, పునర్వ్యాఖ్యానాలు నెరవేరని మాటను కాపాడుకోవడానికి తరువాతివారు చేసిన ప్రయత్నాలు.

ఈ వాదాలలో ఒక్కొక్కదానికి తనదైన బలం ఉన్నది. అయితే వీటిలో అధికభాగం వాక్యాన్ని దాని కథనుంచి విడదీసి పరిశీలిస్తాయి. వేదాంతి ఆ వాక్యంలో దేవుని స్వభావాన్ని గురించిన నిర్వచనాన్ని వెదికితే, చారిత్రక విమర్శకుడు దాని వెనుక ఉన్న సమాజపు ఇబ్బందిని వెదుకుతాడు. ఆ వాక్యాన్ని ఎవరు, ఎవరితో, ఏ క్షణంలో, ఏమి ఆశించి పలికారన్నది సాహిత్యవిమర్శ అడగవలసిన ప్రశ్న. ఆ ప్రశ్న అడిగినప్పుడు వైరుధ్యాలు మాయమైపోవు. అవి ఏ పనికోసం అక్కడ ఉన్నాయో స్పష్టపడుతుంది.

2. ప్రవచనం, సోదె: నిజం కావడం చాలునా?

తెలుగు పాఠకునికి ఈ సమస్య మొదట పదాల రూపంలో ఎదురవుతుంది. ‘ప్రవచనం’ అనే మాటకు బోధ, వ్యాఖ్యానం అనే అర్థాలు ప్రసిద్ధం. పురాణప్రవచనం అన్నప్పుడు నేటికీ ఆ అర్థమే. క్రైస్తవ తెలుగులో అది దేవుని పేర ప్రవక్త పలికే మాటకు, వాడుకలో క్రమంగా జరగబోయేది ముందుగా చెప్పడానికి పర్యాయమైంది. మరోవైపు, పోతులూరి వీరబ్రహ్మం పేర ప్రచారంలో ఉన్న కాలజ్ఞానాన్ని తరువాత జరిగిన సంఘటనలతో సరిచూసుకునే పఠనపద్ధతి తెలుగువారికి సుపరిచితం. ఆ అలవాటుతో చదివితే యోనా కథ ఒక తప్పిన జోస్యంగా మిగులుతుంది. తెలుగు క్రైస్తవసమాజంలో విస్తృతంగా వాడుకలో ఉన్న బైబిలు పాత అనువాదం మాత్రం, ద్వితీయోపదేశకాండము 18వ అధ్యాయం నిషేధించిన విద్యలకు సోదె, శకునం, చిల్లంగి, కర్ణపిశాచి వంటి జనవ్యవహారంలోని పదాలను వాడి, ప్రవక్త మాటను వాటినుంచి వేరుగా నిలిపింది.

ఆ నిషేధానికి కారణం ఆ విద్యలు అబద్ధం కావడమే అనుకోవడానికి వీలులేదు. సౌలు రాజు ఏన్దోరులోని స్త్రీ వద్దకు మారువేషంలో వెళ్లి, చనిపోయిన సమూయేలును రప్పించమని అడుగుతాడు (1 సమూయేలు 28). నిషిద్ధమార్గంలో లభించిన ఆ సమాచారం అక్షరాలా నిజమవుతుంది: మరునాటి యుద్ధంలో సౌలూ అతని కుమారులూ మరణిస్తారు. మరోచోట, అబద్ధ బోధకుడు చెప్పిన సూచన నిజంగా జరిగినప్పటికీ అతనిని అనుసరించరాదని ధర్మశాస్త్రం హెచ్చరిస్తుంది (ద్వితీయోపదేశకాండము 13:1–3). జరగకపోవడం ఒక మాటను తోసిపుచ్చడానికి చాలుతుందేమో కాని, జరగడం దానిని అంగీకరించడానికి చాలదు. అంటే ద్వితీయోపదేశకాండమే తన ప్రమాణాన్ని తాను పరిమితం చేసుకున్నది.

సౌలు కథకు ఎదురుగా అదే గ్రంథంలో దావీదు కెయీలాలో ఉన్న ఘట్టాన్ని నిలిపి చూడాలి (23:9–13). సౌలు ఇక్కడికి దిగివస్తాడా అని దావీదు ఏఫోదు సహాయంతో దేవుని అడుగుతాడు, వస్తాడని సమాధానం. పట్టణస్థులు నన్ను అప్పగిస్తారా అని అడుగుతాడు, అప్పగిస్తారని సమాధానం. దావీదు సుమారు 600 మంది అనుచరులతో పట్టణం విడిచిపోతాడు. సౌలు రాలేదు, పట్టణస్థులు అప్పగించనూ లేదు. మొలీనా తన సిద్ధాంతానికి ఈ ఘట్టాన్ని ఆధారంగా చూపాడు. సాహిత్యదృష్టితో చూస్తే ఇందులో గమనార్హమైనది సమాధానాల వ్యాకరణం. వాటిలో ‘అయితే’ అనే షరతు లేదు; అవి నిరపేక్షంగా భవిష్యత్తును చెప్పిన మాటలు. దావీదు వాటిని విధిగా స్వీకరించక, తప్పించుకోవడానికి లభించిన వ్యవధిగా గ్రహించాడు. ఏన్దోరులో సౌలు అంతకంటె కచ్చితమైన సమాచారం విని నేలపై నిలువునా పడిపోతాడు. ఈ రెండు ఘట్టాలలోనూ భవిష్యత్తును అడిగినవాడు ఉన్నాడు, సమాధానమూ ఉన్నది. విన్న తరువాత చేయగలిగినది మిగిలి ఉండడమే తేడా. 1 సమూయేలు కర్త ఈ రెండింటిని అయిదు అధ్యాయాల ఎడంలో ఉంచడం వలన, తెలుసుకోవడం తనంతట తాను రక్షణ కాదన్న భావం వ్యాఖ్యానం అవసరం లేకుండానే పాఠకునికి అందుతుంది.

3. ‘నహమ్’: ఒకే అధ్యాయంలో అవుననడం, కాదనడం

వైరుధ్యం అత్యంత సాంద్రంగా కనిపించేది 1 సమూయేలు 15లో. సౌలును రాజుగా నియమించినందుకు తాను పశ్చాత్తాపపడుతున్నానని దేవుడు స్వయంగా అంటాడు (15:11). దేవుడు మనుష్యుని వంటివాడు కాడని, ఆయన పశ్చాత్తాపపడడని సమూయేలు సౌలుతో అంటాడు (15:29). సౌలు విషయంలో దేవుడు పశ్చాత్తాపపడ్డాడని కథకుడు అధ్యాయాన్ని ముగిస్తాడు (15:35). మూడుచోట్లా హీబ్రూలో ఉన్నది ఒకే క్రియ, ‘నహమ్’ ధాతువునుంచి పుట్టినది. రెండు భిన్న మూలాలను అతికినప్పుడు ఏర్పడిన అతుకు ఇదని అనవచ్చు. కాని పాతిక వచనాల పరిధిలో ఒకే క్రియను మూడుచోట్ల వాడిన రచన ఆ ఘర్షణను గమనించలేదనడం కష్టం.

ఇక్కడ వక్తలను వేరుచేసి చూడడం అవసరం. అవునన్న రెండు మాటలలో ఒకటి దేవునిది, మరొకటి కథకునిది. కాదన్నది పాత్రది. అంతమాత్రాన సమూయేలు పొరబడ్డాడని తీర్మానించడం తొందరపాటు. అతడు ఆ మాట పలికిన సందర్భం చూడాలి: తన అంగీచెంగు పట్టుకుని వేడుకొంటున్న రాజును, తీర్పును తిప్పించుకోజూస్తున్న రాజును ఉద్దేశించి పలికిన మాట అది. దేవుని మార్పు మనుష్యుని చపలత్వం వంటిది కాదని, బతిమాలి లొంగదీయగలిగినది కాదని దాని తాత్పర్యం. సంఖ్యాకాండము 23:19లో బిలాము పలికిన ఇటువంటి మాట కూడా, ఇశ్రాయేలును శపించడానికి సొమ్ము పెట్టి పిలిపించిన బాలాకు రాజును ఉద్దేశించినది. నిశ్చలత్వాన్ని ఉద్ఘాటించిన ఈ రెండు వాక్యాలూ దేవుని మాటను తమకు అనుకూలంగా మలచుకోజూసే అధికారానికి ఎదురుగా పలికినవి. మార్పును ఉద్ఘాటించే వాక్యాలలో ఒక సంబంధం తెగిపోతున్నందుకు కలిగిన వేదన వినిపిస్తుంది. అధ్యాయం చివర సమూయేలు సౌలు కోసం దుఃఖిస్తూ ఉండడం, దేవుని ‘నహమ్’ అతని దుఃఖం పక్కనే నిలవడం యాదృచ్ఛికం కాదు.

‘నహమ్’ ధాతువుకు దుఃఖించు, మనసు మార్చుకొను అనే అర్థాలతో పాటు, రూపభేదంతో ఓదార్చు అనే అర్థమూ ఉన్నది. నోవహు పేరుకు ఆదికాండము 5:29 చెప్పిన వివరణలో ఉన్నది ఈ ధాతువే; ఆ తరువాతి అధ్యాయంలో నరులను సృజించినందుకు దేవుడు నొచ్చుకున్నప్పుడు వాడినదీ ఈ ధాతువే (6:6). తెలుగు అనువాదం ఆదికాండము 6లోను, యిర్మీయా 18లోను ‘సంతాపం’ అనే పదాన్ని, 1 సమూయేలు 15లో ‘పశ్చాత్తాపం’ అనే పదాన్ని, యోనా 3లో ‘పశ్చాత్తప్తుడు’ అనే రూపాన్ని వాడింది. ఆయా సందర్భాలలో ఒక్కొక్కటి సముచితమే. కాని మొత్తం మీద రెండు నష్టాలు కలిగాయి. మొదటిది, జలప్రళయానికి ముందరి దేవుని వేదనకూ నీనెవెపై కనికరానికీ మధ్య హీబ్రూ పాఠకుడు వినగలిగిన అనుబంధం తెలుగులో తెగిపోయింది. రెండవది, ‘పశ్చాత్తాపం’ తెలుగు క్రైస్తవ పరిభాషలో పాపి చేయవలసిన క్రియగా స్థిరపడినందున, దేవుడు పశ్చాత్తాపపడ్డాడన్న వాక్యం తప్పు ఒప్పుకోలుగా ధ్వనించి, మూలంలో ఉన్నదానికంటె పెద్ద వైరుధ్యాన్ని కల్పించింది. తెలుగు పాఠకుడు ఎదుర్కొంటున్న ఇబ్బందిలో కొంతభాగం దేవునిది కాదు, నిఘంటువుది.

అనువాదం సమస్యను తగ్గించిన సందర్భమూ ఉన్నది. ఆదికాండము 22:12లో హీబ్రూ మూలం ఇప్పుడు ఎరిగితినని అర్థమిచ్చే ‘యాదా’ క్రియతో ఉండగా, తెలుగు పాఠం దానిని ‘కనబడుచున్నది’ అని మార్చింది. సర్వజ్ఞుడు ఇప్పుడు తెలుసుకోవడమేమిటన్న ప్రశ్నను ఈ మార్పు మెత్తబరచింది. అయినా ఆ అధ్యాయమంతటా చూపును సూచించే పదాలు పరచుకుని ఉండడం వలన, ఆ స్థలానికి అబ్రాహాము పెట్టిన పేరు కూడా చూపుకు సంబంధించినదే కావడం వలన, ‘కనబడు’ అనే క్రియ కథాశిల్పంలో చక్కగా ఒదిగింది. అర్థంలో దూరమై, కథనంలో దగ్గరైన అనువాదం ఇది.

4. యోనా: తెలిసినవాని కోపం, తెలియనివాని ఆశ

నీనెవెలో యోనా చేసిన ప్రకటన హీబ్రూలో అయిదు పదాలు మాత్రమే (3:4). గ్రీకు సెప్తువగింతు అనువాదం గడువును మూడు రోజులుగా పేర్కొన్నది. హీబ్రూ పాఠంలో నలభై. రెండింటిలోనూ షరతు లేదు, పశ్చాత్తాపానికి పిలుపు లేదు. అందులోని క్రియ ‘హాఫక్’ ధాతువుది. సొదొమ పతనాన్ని చెప్పడానికి ఆదికాండము 19:25 వాడినది ఈ ధాతువునే. సౌలు మరొక మనిషిగా మారతాడని చెప్పడానికి 1 సమూయేలు 10:6 వాడినదీ దీనినే. కూలిపోవడం, మారిపోవడం అనే రెండర్థాలూ ఆ ఒక్క పదంలో ఇమిడి ఉన్నాయి. యోనా మొదటి అర్థంలో పలికాడు. నగరం రెండవ అర్థంలో దానిని నిజం చేసింది. తెలుగులో ‘నాశనమగును’ అన్న అనువాదం ఈ శ్లేషను నిలుపుకోలేదు. ‘తలక్రిందులగును’ వంటి మాట కొంతవరకు రెండర్థాలకూ చోటు ఇచ్చేదని సూచించవచ్చు.

వాచ్యం ఒకటై వ్యంగ్యం దానికి విరుద్ధంగా ఉండడం మన ఆలంకారికులకు కొత్త కాదు. వాచ్యం విధిరూపంలో, వ్యంగ్యం నిషేధరూపంలో ఉండే ఉదాహరణతోనే ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకం ప్రథమోద్యోతంలో ప్రతీయమానార్థపు ప్రత్యేకతను నిరూపించాడు. యోనా ప్రకటనలో వాచ్యం ‘ఇది జరుగుతుంది’. వ్యంగ్యం ‘ఇది జరగనివ్వకండి’. జె. ఎల్. ఆస్టిన్ భాషావ్యవహారాన్ని గురించి చెప్పిన సిద్ధాంతం ప్రకారం కూడా ఇది స్థితివర్ణన కంటె హెచ్చరిక అనే చర్యకు చేరువైనది. హెచ్చరికను నిజమా అబద్ధమా అని కొలవడం తగదు. విన్నారా లేదా అన్నదే దాని కొలబద్ద. విశేషమేమంటే, ఈ వ్యంగ్యాన్ని గ్రహించినది సహృదయుడైన ప్రవక్త కాదు, పరదేశపు రాజు. దేవుడు మనసు తిప్పుకొంటాడేమో, ఎవరికి తెలుసు అని అతడు అంటాడు (3:9). హీబ్రూలో ‘మీ యోదేఅ’ అన్న ఆ ప్రశ్నలో ఉన్నది ‘యాదా’ క్రియే.

ఎరుకను సూచించే ఈ క్రియ యోనా గ్రంథమంతటా సూత్రంలా సాగుతుంది. ఈ కీడు ఎవరివలన వచ్చిందో తెలుసుకోవడానికి నావికులు చీట్లు వేస్తారు (1:7). తుఫాను తన మూలంగానే వచ్చిందని తనకు తెలుసునని యోనా అంటాడు (1:12). రాజు తనకు తెలియదంటాడు. దేవుడు కనికరించి కీడు చేయక మానుతాడని తనకు ముందే తెలుసునని, అందుకే మొదట పారిపోయానని యోనా కోపంతో అంటాడు (4:2). చివరి వాక్యంలో దేవుడు కుడియెడమలు ఎరుగని 1,20,000 మందిని గురించి ప్రశ్నిస్తాడు (4:11). ఈ క్రమాన్ని చూస్తే గ్రంథంలో భవిష్యత్తు బాగా తెలిసినవాడు యోనాయే. తన ప్రకటన నెరవేరదని కూడా అతనికి తెలుసు. ఆ ఎరుక అతనికి కోపాన్ని మిగిల్చింది. ఏమీ తెలియని రాజు తన అజ్ఞానాన్నే ఆధారం చేసుకుని గోనెపట్ట కట్టాడు. రక్షణ తెలియనివాని పక్షాన నిలిచింది.

ఇక్కడ మరో పొర ఉన్నది. ఈ గ్రంథం ప్రవాసానంతర కాలానిదని అధికసంఖ్యాకులైన పండితుల అభిప్రాయం. నీనెవె క్రీ.పూ. 612లో పతనమైంది. అందువల్ల తొలి పాఠకులకు నగరపు చివరి గతి తెలుసు. కథలోని పాత్రలకు తెలియని భవిష్యత్తు పాఠకునికి గతం. నగరం ఎటూ కూలిపోయిందని ఎరిగినవానిని కూడా, ఆ దినాన అది బతకడం న్యాయమేనా అన్న ప్రశ్న దగ్గరే గ్రంథం వదిలిపెడుతుంది.

‘ఎవరికి తెలుసు’ అన్న ఆశ సర్వత్రా ఫలించే మంత్రం కాదని కూడా బైబిలు చెబుతుంది. జబ్బుపడిన శిశువు కోసం ఉపవాసముండి వేడుకొన్న దావీదు, ఆ బిడ్డ మరణానంతరం తన ప్రవర్తనను వివరిస్తూ సరిగ్గా ఈ మాటే వాడాడు (2 సమూయేలు 12:22). అక్కడ తీర్పు మారలేదు. నీనెవె కథను ఒక నియమంగా, పశ్చాత్తాపపడితే తీర్పు తప్పుతుందనే సమీకరణంగా చదవకుండా ఈ ఘట్టం అడ్డుపడుతుంది. ప్రతిస్పందనకు చోటు ఉన్నది. ఫలితంపై అధికారం లేదు.

5. యిర్మీయా: వ్యాఖ్యానంపై ఆధారపడిన ప్రాణం

నెరవేరని ప్రవచనాన్ని ఎలా చదవాలన్నది బైబిలు లోపలే ఒక న్యాయవిచారణలో చర్చకు వచ్చింది. యెరూషలేము దేవాలయం పాడైపోతుందని యిర్మీయా ప్రకటించగా, అతడు మరణపాత్రుడని యాజకులు, ప్రవక్తలు పట్టుబడతారు (యిర్మీయా 26). అప్పుడు దేశపు పెద్దలు కొందరు లేచి, మోరష్తు ఊరివాడైన మీకా హిజ్కియా కాలంలో ఇటువంటి మాటే పలికాడని గుర్తుచేస్తారు. సీయోను పొలంవలె దున్నబడుతుందన్న ఆ మాట (మీకా 3:12) వారి కాలంనాటికి సుమారు ఒక శతాబ్దం గడిచినా నెరవేరలేదు. అయినా మీకాను అబద్ధప్రవక్త అని వారు అనలేదు. రాజు దేవునికి భయపడి వేడుకొన్నాడు కనుక కీడు తప్పిందని వారి వ్యాఖ్యానం. ఒక ప్రవక్త మాటను పేరుతో సహా ఉదాహరించి వ్యాఖ్యానించిన ఈ సందర్భం హీబ్రూ బైబిలులో అరుదైనది.

ఈ వ్యాఖ్యానం పాండిత్యచర్చ కాదు. వెంటనే వచ్చే వచనాలు ఊరియా అనే మరో ప్రవక్త అదే సందేశం ప్రకటించి ఐగుప్తుకు పారిపోగా, యెహోయాకీము రాజు అతనిని పట్టి తెప్పించి ఖడ్గంతో చంపించాడని చెబుతాయి. ద్వితీయోపదేశకాండము ప్రమాణాన్ని పెద్దలు అక్షరశః అన్వయించి ఉంటే మీకా అబద్ధికుడు, అతనిని అనుసరించిన యిర్మీయా దోషి. వారు వేరుగా చదివారు. షాఫాను కుమారుడైన అహీకాము అండగా నిలిచాడు. యిర్మీయా బతికాడు. కారల్ వాదంలోని సత్యాన్ని ఇక్కడ అంగీకరించవలసిందే: నెరవేరని మాటకు తరువాతివారు చేసిన పునర్వ్యాఖ్యానం ఇది. అయితే కథనం దీనిని ఇబ్బందినుంచి తప్పించుకునే సర్దుబాటుగా చిత్రించలేదు. వినడానికి ఇంకా సమయం ఉన్నదని గుర్తించిన ఒక సభ చేసిన పఠనంగా చిత్రించింది. మాట తప్పిపోయిందన్న అవమానం ఆ పెద్దల వాదంలో ఎక్కడా వినిపించదు. అది తప్పిపోవడమే దాని సాఫల్యమన్న గ్రహింపు వినిపిస్తుంది.

ఈ గ్రహింపుకు సూత్రరూపం 18వ అధ్యాయంలోని కుమ్మరి ఇంటి ఘట్టంలో ఉన్నది. కూలదోస్తానని చెప్పిన జనం చెడుతనం మానితే కీడు విషయంలోను, నిర్మిస్తానని చెప్పిన జనం మాట వినకపోతే మేలు విషయంలోను దేవుడు ‘నహమ్’ పొందుతాడు (18:7–10). ఇంతవరకు రెండు పక్షాలూ సమానం. హనన్యాతో జరిగిన వివాదంలో మాత్రం యిర్మీయా ఒక తేడాను చూపుతాడు (28:8–9). యుద్ధాన్ని, కీడును ప్రకటించిన ప్రవక్తల పరంపర పూర్వంనుంచి ఉన్నది. క్షేమాన్ని ప్రకటించే ప్రవక్త మాత్రం అది నెరవేరినప్పుడే నిజంగా పంపబడినవాడని తెలుస్తుందని అతని వాదం. రెండేళ్లలో బబులోను కాడి విరిగిపోతుందన్న హనన్యా మాట వినేవారిని ఏ మార్పూ కోరదు. హెచ్చరిక తప్పిపోతే నగరం బతుకుతుంది. ఓదార్పు తప్పిపోతే నగరం ఏ సిద్ధతా లేకుండా చిక్కుకుంటుంది. కనుక నెరవేర్పు అనే కొలబద్ద ఓదార్పు చెప్పేవానికే కఠినంగా వర్తించాలి. ద్వితీయోపదేశకాండము ప్రమాణాన్ని యిర్మీయా రద్దుచేయలేదు. దాని బరువు ఎక్కడ పడాలో నిర్ణయించాడు.

6. ఆక్షేపణ: యెషయా 40–48

ఇంతవరకు చేసిన పఠనానికి బలమైన ఆక్షేపణ యెషయా 40–48 అధ్యాయాలనుంచి వస్తుంది. రాబోయేవాటిని చెప్పండి, మీరు దేవతలని తెలుసుకొంటామని విగ్రహాలను సవాలు చేసే ఈ అధ్యాయాలలో (41:21–23) భవిష్యద్ జ్ఞానం దైవత్వానికే నిదర్శనం. పారసీక రాజైన కోరెషు పేరుతో సహా ప్రస్తావితుడవుతాడు (44:28, 45:1). ఇక్కడి మాట హెచ్చరిక కాదు; ముందుగా ఎరిగినవాడు చేసిన ప్రకటన. దీనిని యోనా అచ్చులో పోయడం బలవంతమే అవుతుంది.

అయితే ఈ అధ్యాయాలలో కూడా వక్తను, శ్రోతను విస్మరించరాదు. రచనారూపం న్యాయస్థానపు వాదం. శ్రోతలు తమ దేవుడు తమను మరచిపోయాడని నమ్ముతున్న ప్రవాసులు (40:27). హనన్యా మాట వలె ఇదీ క్షేమవార్తే; కనుక యిర్మీయా విధించిన కఠిన ప్రమాణానికి ఇది తనను తాను ఒప్పజెప్పుకొంటున్నది. మరింత విశేషం 48వ అధ్యాయంలో ఉన్నది. పూర్వసంగతులను ఎంతో ముందుగా తెలిపానని చెప్పిన దేవుడే, ఆ వెంటనే కొత్త సంగతులు ఇప్పుడే సృజింపబడుతున్నాయని, అవి నాకు తెలిసినవేనని శ్రోత అనడానికి వీలులేకుండా అలా చేశానని అంటాడు (48:3–7). భవిష్యద్ జ్ఞానాన్ని అందరికంటె గట్టిగా చాటిన రచనే, ఆ జ్ఞానాన్ని మనిషి తన సొత్తుగా చేసుకోకుండా తలుపు మూసింది. యోనా గ్రంథం వ్యంగ్యంగా సాధించినదానిని ఇది వాచ్యంగా సాధించింది. దేవుని ఎరుక విషయంలో ఈ రెండు గ్రంథాలకు పొత్తు కుదరకపోవచ్చు. మనిషి ఎరుక విషయంలో అవి ఒకే పక్షాన ఉన్నాయి.

7. మార్కు సువార్త: తెలియని దినం, తెలిసిన రాత్రి

కొత్త నిబంధనలో ఈ ఉద్రిక్తత యేసు మాటలలోనే కనిపిస్తుంది. ఆ దినం, ఆ గడియ తండ్రికి తప్ప పరలోకపు దూతలకు గాని, కుమారునికి గాని తెలియవని మార్కు 13:32 చెబుతుంది. ఈ మాట తొలినుంచీ పాఠకులను కలవరపెట్టిందనడానికి వ్రాతప్రతులే సాక్ష్యం: మత్తయి 24:36లో కుమారుని ప్రస్తావన కొన్ని ప్రతులలో లేదు; లూకా ఈ వాక్యాన్ని గ్రహించనేలేదు. అదే మార్కు సువార్త తరువాతి అధ్యాయంలో, కోడి రెండుసార్లు కూయకముందే పేతురు తనను మూడుసార్లు ఎరుగనంటాడని యేసు గడియతో సహా చెబుతాడు (14:30). అంత్యదినం తెలియనివానికి ఒక రాత్రి ఇంత వివరంగా ఎలా తెలిసింది?

ఆర్. హెచ్. లైట్‌ఫుట్ 1950లో ‘ది గాస్పెల్ మెసేజ్ ఆఫ్ సెయింట్ మార్క్’ గ్రంథంలో ఈ రెండు అధ్యాయాలకూ ఉన్న అనుబంధాన్ని చూపాడు. ఇంటి యజమాని సాయంకాలం వస్తాడో, అర్ధరాత్రి వస్తాడో, కోడికూతవేళ వస్తాడో, తెల్లవారి వస్తాడో తెలియదు కనుక మెలకువగా ఉండమని 13:35 హెచ్చరిస్తుంది. తరువాతి కథ ఈ నాలుగు జాములలోనే నడుస్తుంది: సాయంకాలం చివరి విందు, రాత్రి గెత్సేమనే, కోడికూతవేళ పేతురు నిరాకరణ, తెల్లవారగానే పిలాతుకు అప్పగింత. అంత్యదినం తెలియదని చెప్పినవాడు, ఏ రాత్రినైనా అంత్యరాత్రిగా ఎదుర్కొనవలసిన తీరును చెప్పాడు. పేతురుకు తన భవిష్యత్తు సంపూర్ణంగా తెలుసు. దానిని అతడు నమ్మలేదు, మెలకువగా ఉండమన్నప్పుడు నిద్రపోయాడు, చెప్పినదంతా చేశాడు. నీనెవె రాజుకు లేని సమాచారం అతనికి ఉన్నది. రాజుకు ఉన్న వినికిడి అతనికి లేకపోయింది. కోడి కూసిన తరువాత అతనికి ఆ మాట గుర్తుకువచ్చి ఏడ్చాడు (14:72). ఆ మాట అతనిని ఆపలేకపోయినా, తిరిగి రావడానికి దారిగా అతనిలో మిగిలింది. ప్రవచనం నెరవేరిన ఈ ఘట్టమూ, నెరవేరని నీనెవె ఘట్టమూ చివరకు ఒకే కన్నీటి దగ్గర కలుస్తాయి.

8. ముగింపు

పై పరిశీలనలో తేలిన అంశాలు మూడు. ఒకటి, భవిష్యత్తును గురించిన వైరుధ్యాలు కొన్ని ముఖ్యసందర్భాలలో ఒకే అధ్యాయంలో, ఒకే క్రియతో, బుద్ధిపూర్వకంగా కూర్చినట్లు ఉన్నాయి. వాటిని కేవలం సంకలనదోషంగా పరిగణించడం రచనకు అన్యాయం. రెండు, షరతు చెప్పని ప్రకటనలో కూడా శ్రోత స్పందనకు చోటు ఉన్నదన్న పఠనం ఆధునిక సమర్థన కాదు. కెయీలాలో దావీదు, నీనెవెలో రాజు, యెరూషలేములో పెద్దలు దానిని కథలోపలే ఆచరించి చూపారు. మూడు, ఈ కథలలో భవిష్యత్తు ఎరిగిన సౌలు, యోనా, పేతురులకు ఆ ఎరుక అండగా నిలవలేదు.

దేవునికి భవిష్యత్తు ఎంతవరకు తెలుసునన్న ప్రశ్నకు ఈ పఠనం సమాధానం చెప్పదు. యెషయా 46కూ ఆదికాండము 22కూ మధ్య ఉన్న దూరం తత్త్వవేత్తలకు ఎప్పటిలాగే మిగిలి ఉంటుంది. సాహిత్యవిమర్శకుడు చేయగలిగినది, ఆ దూరంలో ఎవరు నిలబడి ఉన్నారో చూపడం. ఈ పని తెలుగులో సాగాలంటే బైబిలు అనువాదాల పదసూచికలను మూలభాషల ధాతువులతో సరిపోల్చే అధ్యయనాలు విస్తృతంగా రావాలి. ‘సంతాపం’, ‘పశ్చాత్తాపం’ అనే రెండు పదాల మధ్య విడిపోయిన ఒక్క ధాతువే ఇన్ని కథల అనుబంధాన్ని దాచిపెట్టగలిగినప్పుడు, ‘యాదా’ వంటి బహుళ ప్రయోగం గల క్రియలు తెలుగులో ఎన్ని రూపాలుగా చీలి ఎన్ని అర్థాలను మరుగుపరచాయో పరిశోధించవలసి ఉన్నది.